పావలా శతకం కోసం కలకత్తా వెళ్లాం

మా నాయనమ్మకి ఎనభై ఏడేళ్లు. 2024 ఆగస్టులో పెరట్లో నాచు మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక నెలన్నర మంచం మీదే. పడుకుని పడుకుని ఏం తోచక, వాళ్ల మావగారు రాసిన శతకంలో పద్యాలు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుని చదవడం మొదలుపెట్టింది. పదకొండు వచ్చాయి. పన్నెండోది సగంలో ఆగిపోయింది. "మొత్తం నూట ఎనిమిదే అమ్మాయ్. సగం పైన నోటికొచ్చేవి నాకు. ఎక్కడికి పోయాయో" అని ఏడ్చింది. తుంటి విరిగినప్పుడు కూడా ఆవిడ అలా ఏడవలేదు.

ఆ మావగారు నాకు ముత్తాత. బడిపంతులు. మా ఊరి దేవుడి మీద శతకం రాసి 1927లో రాజమండ్రిలో అచ్చు వేయించారు. ఇంట్లో రెండు కాపీలు ఉండేవట. మాది కోనసీమలో లంక ఊరు. 1986 ఆగస్టులో, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో మా ఇల్లు పైకప్పు దాకా మునిగింది. నీళ్లు తీశాక భోషాణం తెరిస్తే అడుగున బురద, బురదలో కాగితపు ముద్ద. తాతయ్య ఆ ముద్దని వారం రోజులు నీడన ఆరబెట్టారట. ఒక్క పేజీ కూడా విడిరాలేదు.

ముత్తాత పేరు, ఊరి పేరు, శతకం పేరు ఇందులో రాయొద్దని మా బాబాయి షరతు పెట్టాడు. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

మొదట అందరూ చేసే పనే చేశాను, ఫోన్లో వెతికాను. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత తెలుగు పుస్తకాల స్కాన్లు బోలెడు ఉన్నాయి. కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎక్కించినవాళ్లకి తోచినట్టు ఉంటాయి. 'శ'కి ఒట్టి ఎస్ వేసినవాళ్లున్నారు, ఎస్ పక్కన హెచ్ వేసినవాళ్లున్నారు. 'త'కి హెచ్ తగిలించేవాళ్లు కొందరు, చివర 'ము' ఎగరగొట్టేవాళ్లు కొందరు. నోట్‌బుక్కులో రోజుకి రెండు మూడు స్పెల్లింగుల చొప్పున రాసుకుని, కొట్టేసుకుంటూ పోయాను. మూడు వారాల్లో నలభై ఒక్క రకాలు అయ్యాయి. మా దేవుడి మీద వేరేవాళ్లు రాసిన కీర్తనలు దొరికాయిగాని మా శతకం దొరకలేదు.

సెప్టెంబరులో రెండుసార్లు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడా లేదు. రెండోసారి వెళ్లినప్పుడు పక్క బల్ల దగ్గర పాత పత్రికలు తిరగేస్తున్న ఒక పెద్దాయన "ఏం వెతుకుతున్నారండీ?" అని అడిగి, మంచి మాట చెప్పారు. ముందు ఆ పుస్తకం ఎక్కడైనా నమోదైందో లేదో చూసుకోమన్నారు. సాహిత్య అకాడెమీ వేసిన 'నేషనల్ బిబ్లియోగ్రఫీ ఆఫ్ ఇండియన్ లిటరేచర్' అని నాలుగు సంపుటాలు ఉన్నాయట, 1901 నుంచి 1953 దాకా వచ్చిన పుస్తకాల పట్టిక. తెలుగు నాలుగో సంపుటంలో ఉంటుంది. దానికి సంపాదకుల్లో ఒకరు బి.ఎస్. కేశవన్, స్వతంత్రం వచ్చాక కలకత్తా నేషనల్ లైబ్రరీకి మొదటి లైబ్రేరియన్.

ఆ సంపుటం ఒక కాలేజీ లైబ్రరీలో ఉందని తెలిసి, అక్కడ చదువుకున్న చుట్టాలబ్బాయిని వెంటబెట్టుకుని సెప్టెంబరు 28న వెళ్లాను. తెరిచి చూస్తే తెలుగు పుస్తకాల పట్టికలో ఒక్క తెలుగు అక్షరం లేదు! అంతా ఇంగ్లీషు లిపి. ళ కింద చుక్క, ణ కింద చుక్క, దీర్ఘం పైన గీత. మన బండి ఱకి ఆర్ కింద గీత. ఇంటిపేరుతో చూశాను, లేదు. రెండు మధ్యాహ్నాలు కూర్చుని పేజీ తర్వాత పేజీ వేలు పెట్టి చూసుకుంటూ పోతే, ఇంటిపేరు వెనక్కి వెళ్లి, అసలు పేరు ముందుకొచ్చిన చోట కనబడ్డారు మా ముత్తాత. ముత్తాత పేరు, శతకం పేరు, రాజమండ్రి, 1927, 36 పేజీలు. అంతే.

మా ఇంటి గోడల బయట ఆ పేరు అచ్చులో చూడటం అదే మొదటిసారి. ఆ చుక్కల మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయాను. చుట్టాలబ్బాయి "అక్కా, ఐదింటికి మూసేస్తారు" అంటే అప్పుడు లేచాను.

కానీ పట్టిక పుస్తకం ఉందని చెబుతుంది తప్ప చేతికి ఇవ్వదు కదా. ఎక్కడ వెతకాలన్నది బాబాయి లెక్క కట్టాడు. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు, ఇలాంటివంటే ప్రాణం. "1867 చట్టం ప్రకారం ప్రెస్సువాళ్లు కాపీలు ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది. అప్పుడు మనది మద్రాసు ప్రెసిడెన్సీ. కాబట్టి మద్రాసు చూడాలి, లేదంటే కలకత్తా" అన్నాడు. చెన్నైలో ఉన్న మా అత్త కొడుకు ఒక రోజు సెలవు పెట్టి కన్నెమరా లైబ్రరీకి వెళ్లొచ్చాడు. దొరకలేదన్నాడు. తీరా చూస్తే నేను పంపిన కాగితంలో సంవత్సరం 1972 అని ఉంది. అంకెలు తారుమారు చేసింది నేనే. పాపం వాడిని మళ్లీ వెళ్లమనడానికి మొహం చెల్లలేదు.

అక్టోబరు 5న కలకత్తాకి మెయిల్ రాశాను. 24న జవాబొచ్చింది. మధ్యలో దుర్గాపూజ కదా అని సర్దిచెప్పుకుంటూనే రోజుకి నాలుగుసార్లు ఫోన్ చూసుకున్నాను. మీరిచ్చిన పేరుతో రికార్డు కనబడలేదు, ఆ కాలపు చిన్న పుస్తకాలు వేరే ఉన్నాయి, వచ్చి తెలుగు విభాగంలో చూసుకోవచ్చు అని దాని సారాంశం. లేదన్నట్టా, ఉందన్నట్టా? నేను లేదన్నట్టే తీసుకున్నాను. బాబాయి మాత్రం "రమ్మన్నారు కదే, ఇంకేంటి!" అన్నాడు. సంక్రాంతి వెళ్లాక వెళదామని టికెట్లు చేయించేశాడు.

అమలాపురానికి రైలు ఇంకా రాలేదు కాబట్టి బస్సులో రాజమండ్రి వచ్చి, జనవరి 24 రాత్రి రైలెక్కాం. నాయనమ్మ అరిసెలు, జంతికలు కట్టించి ఇచ్చింది. "అక్కడ దొరికితే ఫోన్లో చదివి వినిపించు, ఇంటికొచ్చేదాకా ఆగకు" అంది. ఆ మాటతో నాకు టెన్షన్ మొదలైంది. దొరక్కపోతే ఆవిడకి ఏం చెప్పాలి?

25 సాయంత్రం దిగాం. ఆ లైబ్రరీ ఆదివారం కూడా తెరిచి ఉంటుందని ముందే కనుక్కుని మురిసిపోయాను. మర్నాడు ఆదివారమే. కానీ అది జనవరి 26. ఏడాదిలో మూసి ఉండే రోజులు మూడే, అవి మూడు జాతీయ పండుగలు. అందులో ఒకటి మేం ఏరికోరి పట్టుకున్నాం. బాబాయి నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ బాధనిపించింది. ఆ రోజంతా చలికి లాడ్జిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. మన భోగినాటి చలిని చూసి అక్కడికి స్వెట్టరు లేకుండా వెళ్లకండి. సాయంత్రం ఫుట్‌పాత్ మీద రెండు కొనుక్కున్నాం, ఏడొందలు.

27 ఉదయం బస్సెక్కి నేషనల్ లైబ్రరీ అంటే కండక్టరు తలూపి "చిడియాఖానా" అన్నాడు. అదేమిటో అర్థంకాక కంగారుపడ్డాం. జూ అట. లైబ్రరీ దానికి దగ్గరే, అలీపూర్‌లో. గేటు దాటితే పెద్ద పెద్ద చెట్లు, లోపల తెల్లటి మహలు. బెల్వెడేర్ అంటారు. ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు ఉన్న ఇల్లు, 1953 నుంచి లైబ్రరీ. మేం నేరుగా ఆ మెట్ల వైపు నడిచాం. వాచ్‌మన్ ఆపి, చదువుకునేది ఇక్కడ కాదు, భాషా భవన్‌కి వెళ్లండని పక్కనున్న కొత్త బిల్డింగు చూపించాడు. బాబాయి కదలడే! ఈ చుట్టుపక్కలే 1780లో గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్, ఆయన కౌన్సిల్లోనే ఉన్న ఫిలిప్ ఫ్రాన్సిస్ పిస్తోళ్లతో కాల్చుకున్నారని నాకు అక్కడ నిలబెట్టి పాఠం చెప్పాడు. ఫ్రాన్సిస్‌కి గుండు తగిలిందట, చావలేదట. "రద్దీ టైము బాబాయ్, పద పద" అని లాక్కెళ్లాను.

సభ్యత్వం ఫారం, ఫొటో, ఆధార్. జెరాక్స్ ఇచ్చాను. ఒరిజినల్ అడిగారు. అది లాడ్జిలో సూట్‌కేసులో ఉంది. టాక్సీలో వెళ్లి వచ్చేసరికి గంటా నలభై నిమిషాలు, మూడొందల ఎనభై రూపాయలు. బాబాయి ఒరిజినల్ జేబులోనే పెట్టుకున్నాడు. మాస్టారు కదా! నేనొచ్చేసరికి ఆయన కార్డు తీసుకుని, పక్కనున్న బెంగాలీ ముసలాయనకి వచ్చీరాని ఇంగ్లీషులో పులస గురించి చెబుతున్నాడు. ఆయనేమో ఇలిష్ గురించి చెబుతున్నాడు. రెండూ ఒకటే చేపని ఇద్దరికీ తెలుసు, ఎవరి నది గొప్పదన్నదే తగాదా.

బ్యాగులు బయట పెట్టేసి, కాగితాలు, పెన్సిలు పట్టుకుని లోపలికి వెళ్లాం. ఇక్కడ మనం వెళ్లి అల్మరాల్లో చూసుకోవడం ఉండదు. పుస్తకం నంబరు చీటీ మీద రాసిస్తే లోపలినుంచి తెచ్చిస్తారు. నంబరు కావాలంటే కేటలాగులో దొరకాలి. కంప్యూటర్లో చుక్కలతో, చుక్కల్లేకుండా, పేరుతో, ఇంటిపేరుతో కొట్టాను. సున్నా. ఒంటిగంట అయిపోయింది. బయటికెళ్లి రోడ్డు పక్కన అన్నం, చేపల కూర తిన్నాం. బాబాయి ఆవ ఘాటుకి కళ్లు తుడుచుకున్నాడు. నావి అంతకుముందే తడిగా ఉన్నాయి.

మధ్యాహ్నం తెలుగు విభాగంలో ఒకాయన మా కథ ఓపిగ్గా విన్నారు. నలభై పేజీల లోపు పుస్తకాలైతే విడిగా ఉండకపోవచ్చు, నాలుగైదు కలిపి ఒకే అట్టలో కుట్టేస్తారు, అప్పుడు మొదటి పుస్తకం పేరే పైకి కనబడుతుంది అన్నారు. అంటే మా ముత్తాతని వెతకడం మానేసి ఆయన పక్కన ఎవరున్నారో వెతకాలి. రాజమండ్రి, 1920 నుంచి 1930, శతకాలు. కార్డులు ఒక్కొక్కటే తిప్పాం. ఒక సొరుగు బాబాయి, ఒకటి నేను. కార్డుల అంచులు చేతులు తగిలి తగిలి నల్లగా, నున్నగా అయిపోయి ఉన్నాయి. నాలుగింటికి బాబాయి గొంతు కాస్త వణికింది. "అమ్మాయ్, ఇటు రా ఓసారి." అది ఎవరో వేరే కవి శతకం కార్డు. అడుగున సన్నగా టైపు చేసి, దీనితో కలిపి కుట్టినవి అని నాలుగు పేర్లు. మూడోది మనది.

చీటీ రాసిచ్చాను. ముప్పావుగంట తర్వాత తిరిగొచ్చింది, ఆ నంబరు తెలుగు పుస్తకానిదే కాదట. 8ని 3లా రాశాను. అప్పటికి ఆ రోజుకి ఆలస్యమైపోయింది. చీటీ బాబాయి చేత రాయించి ఉంటే బాగుండేది, బోర్డు మీద ముప్పై ఐదేళ్లు రాసిన చేయి.

28 ఉదయం పదింబావుకి చీటీ ఇస్తే, పదకొండున్నర దాటాక తెచ్చారు. గళ్ల కాలికో అట్ట, అరచేయంత పుస్తకం. మొదటిది వేణుగోపాలుడి మీద, రెండోది వేదాంతం. వాటి తర్వాత కాగితం రంగు మారింది. ముదురు గోధుమరంగు. తిప్పుతుంటే అప్పడంలా చిట్లుతుందేమోనని ఊపిరి బిగబట్టాను. పైన దేవుడి బొమ్మ, అచ్చు దిమ్మ సరిగా పడక ఒక చేయి మసకబారింది. కింద ముత్తాత పేరు, తెలుగులో, చుక్కల్లేకుండా. అడుగున "వెల 0-4-0". నాలుగణాలు. బాబాయి వెంటనే, "పావలా పుస్తకానికి ఇప్పటిదాకా ఎంతయిందే?" అన్నాడు. తర్వాత లెక్క వేశాం. రైలు టికెట్లు రానుపోను ఇద్దరికీ ఆరు వేలకి కొంచెం తక్కువ, లాడ్జి ఆరు రాత్రులకి ఎనిమిది వేల నాలుగొందలు, తిండి, టాక్సీలు, స్వెట్టర్లు, కాపీలు అన్నీ కలిపి పంతొమ్మిది వేలు దాటింది.

లోపలి పేజీ మీద 1961 నాటి లైబ్రరీ ముద్ర ఉంది. బాబాయికి అది పెద్ద చిక్కుప్రశ్న అయింది. ప్రచురించినవాళ్లు ఈ లైబ్రరీకి కాపీ పంపాలన్న చట్టం 1954లో వచ్చింది. 1927 పుస్తకం ఆ దారిలో వచ్చే అవకాశం లేదు. అప్పుడెప్పుడో కొన్నవాళ్లెవరో దాచి, అమ్మారో, ఇచ్చారో. ఈ చట్టం మాట వచ్చాక ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. 2011లో తన కథల పుస్తకం మూడొందల కాపీలు వేసుకున్నాడు. ముప్పై రోజుల్లోగా సొంత ఖర్చుతో కలకత్తాకి ఒకటి, చెన్నై, ముంబై, ఢిల్లీ లైబ్రరీలకి ఒక్కొక్కటి పంపాలి. ఒక్కటీ పంపలేదు. కట్టలు విప్పకుండా అటక మీదే ఉన్నాయి. చట్టంలో యాభై రూపాయల జరిమానా రాసి ఉందని ఆయనే చెప్పి, "యాభై కట్టేస్తానుగాని, వందేళ్ల తర్వాత నా మనవలు ఏ సొరుగులో వెతుక్కుంటారే?" అన్నాడు. ఇంటికొచ్చిన మర్నాడే నాలుగు పార్శిళ్లు పోస్టు చేశాడు.

ఫోన్లో ఫొటోలు తీసుకోవచ్చా అని అడిగితే కుదరదు, కాపీకి దరఖాస్తు పెట్టండి అన్నారు. పుస్తకం మొత్తం కావాలంటే రచయిత ఎప్పుడు పోయారన్నది పనికొస్తుంది. ముత్తాత 1962లో పోయారు. మన కాపీరైటు పోయాక 60 ఏళ్లు, అది 2022తో నిండింది. దరఖాస్తు అప్పుడే ఇచ్చాం, 30 మధ్యాహ్నానికి చేతికొచ్చింది. ఈలోగా ఊరుకోలేక నేను పద్యాలు పెన్సిలుతో రాసుకుంటూ కూర్చున్నాను. బాబాయి చివరి పేజీ పట్టుకున్నాడు. "ఈ గ్రంథముద్రణకు ద్రవ్యసహాయము చేసిన మహనీయులు" అని ఒక పట్టిక. మా ఊరివాళ్లే. కరణంగారు పది రూపాయలు. మునసబుగారు ఐదు. రేవు పడవ నడిపే ఆయన అర్ధరూపాయి. మా నాయనమ్మ పుట్టింటి తాతగారు రెండు రూపాయలు. ఇరవై రెండు పేర్లు, కొన్ని ఇళ్లు ఇప్పుడు లేవు, ఏట్లో కోసుకుపోయాయి.

ఆ రాత్రి లాడ్జి నుంచి ఫోన్ చేశాను. నాయనమ్మ గుర్తున్న పదకొండు ముందు చదవమంది. మొదటిదానికే అడ్డం పడింది. "అలా కాదు, మావగారు అలా చదివేవారు కాదు."

"నాయనమ్మా, ఆయన అచ్చు వేయించిందే చదువుతున్నాను."

"అచ్చులో తప్పు పడిందేమో. నేను తొమ్మిదేళ్లు విన్నాను ఆయన నోట."

అలా పదింటిదాకా. పది పద్యాలు దొరికాయి, రెండేసి మాటల తేడాతో. పదకొండోది ఎంత వెతికినా లేదు. నూట ఎనిమిదీ బాబాయి రెండుసార్లు చూశాడు. అది ఆవిడకి బాగా ఇష్టమైన పద్యం. శిస్తు లెక్కల్లో గీత అటు జరిపి ఇటు జరిపి, లంకభూమి తన పేర రాసుకున్న పెద్దమనిషి సంగతి చూడవయ్యా స్వామీ అని దేవుడితో మొరపెట్టుకునేది.

నాయనమ్మ అవతల కొంచెంసేపు ఊరుకుంది. తర్వాత "ఆ చందాలిచ్చినవాళ్ల పేర్లు చదివావు కదా, మొదటి పేరు ఎవరిది అన్నావు?" అంది.

"కరణంగారిది. పది రూపాయలు."

నవ్వింది. తుంటి నొప్పెడుతుందని ఆపుకుంటూ నవ్వింది. "మరి అచ్చులో ఎలా వేస్తారే!"

ఆ కరణంగారి మునిమనవలు ఇప్పటికీ మా పక్క వీధిలోనే ఉన్నారు. పండక్కి వాళ్లింటి పులిహోర మా ఇంటికొస్తుంది. స్కాన్ కాపీ చివరి పేజీ వెనక, ఆవిడ చెబుతుండగా ఆ పద్యం పెన్సిలుతోనే రాశాను. పైన నంబరు ఏం వెయ్యమంటావని అడిగితే, నూట తొమ్మిది వెయ్యమంది.